సీసాలో ఉన్నది బతికున్న మందు

ఖతార్‌లో ఇజ్బాల్లో, అంటే జీవాల దొడ్లలో, పనిచేసే మనవాళ్ళలో చాలామంది జీవాల మధ్యే పుట్టి పెరిగినవాళ్ళు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచో, రాయచోటి, కడప వైపు నుంచో వచ్చి షహానియా చుట్టుపక్కల, అల్ ఖోర్ దాటాక, అబూ సమ్రా దారిలో గొర్రెలు, మేకలు, ఒంటెలు చూసుకుంటున్నారు. మేత ముట్టని గొర్రె మందలో ఎక్కడుందో దూరం నుంచే పసిగట్టగలరు. ఏ కాలేజీ నేర్పని విద్య అది. ఆ విద్య ఉన్నవాళ్ళ కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను. ఎందుకంటే టీకా వేసే రోజున ఊరి అలవాటు మనల్ని తప్పుదారి పట్టించే చోటు ఒకటుంది.

ఊళ్ళో తొలకరికి ముందు వేయించే చిటుకు రోగం టీకా, గొంతువాపు టీకా చంపిన సూక్ష్మజీవులతోనో, వాటి విషాన్ని విరిచేసో చేస్తారు. ఆ సూది పొరపాటున మన వేలికి గుచ్చుకుంటే నొప్పి, వాపు రావచ్చు గానీ ఆ రోగం రాదు. బొబ్బ రోగం, పారుడు రోగం టీకాల్లో ఉన్నది బతికున్న వైరసే, అయినా అవి మనిషి జోలికి రావు. ఇలా ఏళ్ళ తరబడి చూసి చూసి, టీకా అంటే మనకు భయపడాల్సిన వస్తువు కాదన్న నమ్మకం కుదిరిపోయింది. గల్ఫ్ ప్రాంతంలో గొర్రెలకు, మేకలకు బ్రూసెల్లా రాకుండా వాడే రెవ్-1 టీకా సంగతి వేరు. అందులో ఉన్నది బతికున్న బాక్టీరియా, పైగా మనిషికి కూడా అంటే జాతి. దాని బలం తగ్గించారు, చంపలేదు. అది ప్రాణంతో గొర్రె ఒంట్లో చేరితేనే టీకా పట్టినట్టు. మన ఒంట్లో చేరితే మనం మంచాన పడతాం. అది చావకుండా చూడాలి, మనకు అంటకుండా చూడాలి. ఆ రోజున ఈ రెండు పనులూ యజమాని అయిన కఫీల్ చేతిలో లేవు, డాక్టరు చేతిలో కొంతవరకే ఉన్నాయి. గొర్రెను మోకాళ్ళ మధ్య ఒడిసిపట్టుకున్న మనిషి చేతిలో ఉన్నాయి. ఆ మనిషి మీరు.

ఈసుకుపోయిన గొర్రె

బ్రూసెల్లా అన్న పేరు కొత్తగా అనిపించినా రోగం మనకు పాతదే. కట్టు నిలిచిన గొర్రె, ఈనడానికి నెలో రెండు నెలలో ఉందనగా ఈసుకుపోతుంది. పిల్ల చచ్చి పడుతుంది. మాయ సరిగా పడదు. మరుసటి వారం ఇంకో గొర్రె, ఆ తర్వాత ఇంకోటి. పొట్టేళ్ళకు వృషణాలు వాస్తాయి. ఊళ్ళో అయితే దిష్టి అనో, మేతలో తేడా అనో అనుకుంటాం. ఇక్కడ కఫీల్ మీరేదో తన్నారని అనుమానించవచ్చు. గొర్రెలు ఈసుకుపోవడానికి ఇతర కారణాలూ ఉన్నాయి, పరీక్ష చేస్తే గానీ ఏదని చెప్పలేం. అయినా మందలో ఒకదాని వెనక ఒకటి ఈసుకుపోతుంటే ముందుగా అనుమానించాల్సింది బ్రూసెల్లానే.

మనుషుల్లో ఈ జ్వరాన్ని అరబ్బులు ‘హుమ్మా మాల్తియా’ అంటారు, మాల్టా జ్వరం అని. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులు దీంతో బాధపడేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు దీని సూక్ష్మజీవిని కనిపెట్టారు, ఆయన పేరే దానికి స్థిరపడింది. అది మనిషికి ఎలా చేరుతోందో తేలడానికి ఇంకో 18 ఏళ్ళు పట్టింది. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిట్ అనే మాల్టా వైద్యుడు పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల్లో ఈ రోగం దాగి ఉందని చూపించారు. వాటి పాలే దారి. ‘పైకి ఆరోగ్యంగా’ అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. జీవాన్ని చూసి రోగం చెప్పగల మన నేర్పు ఈ ఒక్క చోట చాలదు.

ఖతార్‌లో ఇది పుస్తకాల్లో మాత్రమే ఉన్న రోగం కాదు. దుఖాన్‌లోని క్యూబన్ హాస్పిటల్ వైద్యులు 2016లో వెలువరించిన ఒక వ్యాసం, కాచని ఒంటె పాలు తాగినవాళ్ళు గుంపుగా ఈ జ్వరాన పడిన సంగతి గురించే.

రాత్రి పూట దొడ్డిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. గొర్రె మూలుగుతుంటుంది. సెల్‌ఫోన్ లైటు పళ్ళతో కరచి పట్టుకుని, చేతులకు ఏమీ లేకుండా, సగం బయటికొచ్చిన పిల్లను లాగుతారు. మాయ పడకపోతే అదీ చేత్తోనే తీస్తారు. ఆ చేతులు ఇసుకతో రుద్దుకుని, చాయ్ పెట్టుకుంటారు. బ్రూసెల్లా ఉన్న గొర్రె ఉమ్మనీటిలో, మాయలో ఈ బాక్టీరియా కోట్ల కోట్లుగా ఉంటుంది. మనిషికి అంటడానికి పదుల సంఖ్యలో చాలు. చేతి మీది చిన్న గీత నుంచి, కంట్లో పడిన తుంపర నుంచి, గాలి పీల్చినప్పుడు ముక్కు నుంచి కూడా దారి చేసుకుంటుంది. ఎండలో ఇది త్వరగా చస్తుంది. నీడలో, తేమలో, పేడ కింద వారాల తరబడి బతుకుతుంది. అందుకే ఈతల కాలంలో భుజాల దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లవ్స్ ఒక డబ్బా కొనిపెట్టమని కఫీల్‌ను అడగండి. ఆయన కొనకపోతే మీరే కొనుక్కోండి. ఇంటికి పంపే డబ్బులో ఒక్క రియాల్ తగ్గించడానికి మనసు రాదని నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, కొనుక్కోండి. పడిన మాయను, చచ్చిన పిల్లను కుక్కలకు వేయకండి. కుక్క వాటిని ఈడ్చుకుంటూ పక్క దొడ్డి దాకా రోగాన్ని మోస్తుంది. లోతుగా తవ్వి సున్నం వేసి పూడ్చాలి, లేదా డాక్టరు చెప్పినట్టు కాల్చాలి.

బలం ఎలా తగ్గించారు

మన ఎడమ భుజం మీద చిన్నప్పటి టీకా మచ్చ ఉంది చూడండి, బీసీజీ. ఈ కథ అక్కడి నుంచి చెబితే బాగా తెలుస్తుంది. ఆవులకు క్షయ తెచ్చే బాక్టీరియాను ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్, కమీల్ గెరాన్ అనే ఇద్దరు, పిత్తరసం కలిపి వండిన బంగాళాదుంప ముక్కల మీద పెంచారు. మూడు వారాలకోసారి దాన్ని తీసి కొత్త ముక్క మీదికి మార్చేవారు. 1908లో మొదలుపెట్టి 13 ఏళ్ళలో 230 సార్లు మార్చారు. మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చినా వదల్లేదు. చివరికి ఆ బాక్టీరియా బతికే ఉంది గానీ రోగం తెచ్చే శక్తి పోగొట్టుకుంది. 1921లో తొలిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. ఆ ఇద్దరిలో గెరాన్ పశువైద్యుడు. అంటే మన ఒంటి మీది ఆ మచ్చ సగం పశువైద్యం పెట్టిన భిక్షే.

బ్రూసెల్లాకు తొలి మంచి టీకా దాదాపు అనుకోకుండా దొరికింది. 1923లో అమెరికాలో జాన్ బక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక జెర్సీ ఆవు పాల నుంచి ఆవుల బ్రూసెల్లాను వేరు చేశారు. ఆ కల్చర్ ఏడాదికి పైగా ప్రయోగశాలలో మామూలు గది వేడిలోనే ఉండిపోయింది. తీసి పరీక్షించేసరికి దాని తీవ్రత తగ్గి ఉంది. దాని పేరు స్ట్రెయిన్-19. మన దేశంలో 2019 సెప్టెంబరులో మధురలో మొదలైన జాతీయ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల వయసున్న ఆడదూడలకు జీవితంలో ఒక్కసారి వేసే టీకా ఇదే. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా దీన్ని తయారుచేస్తుంది. ఇంటి దగ్గర మీ దూడకు ఇది వేశారేమో అమ్మనో, తమ్ముణ్ణో ఫోన్‌లో అడిగి చూడండి.

గొర్రెలు, మేకల బ్రూసెల్లా ఇంకా మొండిది. మనిషిని ఎక్కువగా బాధించేదీ అదే. దానికి టీకా 1950లలో శాన్‌ఫర్డ్ ఎల్బర్గ్, ఆయన సహచరులు కాలిఫోర్నియాలో తయారుచేశారు. వాళ్ళు చేసింది తెలివైన పని. స్ట్రెప్టోమైసిన్ అనే మందు ఆ బాక్టీరియాను చంపుతుంది. ముందు ఆ మందు లేకపోతే బతకలేని రకాన్ని ఎంచారు. తర్వాత వాటిలోంచి, మందు లేకుండా మళ్ళీ బతకగలిగిన వాటిని ఏరారు. అలా వెనక్కి తిరిగిన రకం కాబట్టి రెవ్-1. ఈ ప్రయాణంలో దాని బలం తగ్గింది. స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునే గుణం మాత్రం దానిలో నిలిచిపోయింది. ఈ చివరి ముక్క మీకు ఆస్పత్రిలో అవసరపడుతుంది.

ఇంత కష్టం ఎందుకు, చంపిన బాక్టీరియానే వేయొచ్చు కదా అని మీలో చురుకైనవాడు అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగినవాడంటే నాకు ఇష్టం. బ్రూసెల్లా రక్తంలో తిరిగే రోగం మాత్రమే కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షక కణాల లోపలికే దూరి, అక్కడే కాపురం పెడుతుంది. రక్తంలో తిరిగే యాంటీబాడీలు ఆ కణం లోపలికి చేరలేవు. అందుకని సోకిన కణాన్ని గుర్తుపట్టే, లోపలి శత్రువును చంపేలా ఆ కణాన్ని ఉసిగొల్పే మరో దళం కావాలి. ఆ దళానికి శిక్షణ దొరకాలంటే బతికున్న బాక్టీరియా కొన్నాళ్ళు నిజంగా కణాల్లో దూరాలి, కొంచెం పెరగాలి, తర్వాత ఒంటి చేతిలో ఓడిపోవాలి. చచ్చిన బాక్టీరియా ఆ పని అంత బాగా చేయించలేదు. రెవ్-1 పడ్డ పిల్లకు ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం వచ్చినా, మేత తగ్గినా కంగారు పడకండి. లోపల శిక్షణ జరుగుతోంది.

చల్లదనం, తేదీ, మందులు

పాలల్లో వేసే తోడు ఎలా బతికున్నదో ఈ టీకా అలాగే బతికున్నది. మరుగుతున్న పాలల్లో తోడు వేస్తే పెరుగు కాదు, ఎందుకు కాలేదో పాలను చూస్తే తెలుస్తుంది. చచ్చిన టీకా వేస్తే మాత్రం ఏమీ తెలియదు. సీసా అలాగే ఉంటుంది, చుక్క అలాగే పడుతుంది, గొర్రె అలాగే తలాడిస్తుంది. వచ్చే ఏడు ఈసుకుపోయినప్పుడు ‘టీకా వేయించాం కదా’ అంటారు.

టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఖతార్ వేసవిలో నీడలోనే 45 దాటుతుంది. ఆపి ఉంచిన పికప్ లోపల ఇంకెంత ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. సీసా డాష్‌బోర్డు మీద ఒక గంట ఉంటే చాలు. ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా లేకుండా వస్తే ఆ టీకాను తిరస్కరించే అధికారం మీకు లేకపోవచ్చు, అడిగే నోరు ఉంది. ‘లాజిమ్ తల్లాజా’ అనండి, ఫ్రిజ్‌లో ఉండాలి అని. ఇజ్బాలో కరెంటు జనరేటర్ మీద నడుస్తుంటే, రాత్రి ఎన్ని గంటలు ఆపేస్తారో కూడా డాక్టరుకు చెప్పండి. ఆ సంగతి ఆయనకు తెలియదు, మీకు తెలుసు. పొడిగా ఉన్న టీకాలో ద్రావకం కలిపాక గడువు గంటల్లోనే ఉంటుంది. కాబట్టి పొద్దు పొడవక ముందే జీవాలను ఆపి, వరుసకట్టి, అప్పుడు సీసా విప్పాలి. విప్పాక జీవాల వెంట పరిగెత్తితే సీసా ఎండలో కూర్చుంటుంది.

శుభ్రత ఎక్కువైనా చేటే. సిరంజిని డెట్టాల్‌తోనో స్పిరిట్‌తోనో కడిగి వెంటనే టీకా నింపితే, మిగిలిన ఆ చుక్కే టీకాలోని బాక్టీరియాను చంపేస్తుంది. నీళ్ళలో మరిగించి చల్లార్చినది వాడాలి, లేదా కొత్తది.

యాంటీబయోటిక్ సంగతి దీనికంటే ముఖ్యం. ఇజ్బాల్లో ఆక్సీటెట్రాసైక్లిన్ సీసా దాదాపు ప్రతి చోటా ఉంటుంది. గొర్రె కుంటితే అదే, దగ్గితే అదే. రెవ్-1లోని బాక్టీరియాను కూడా అది చంపుతుంది. నిల్వ ఉండే రకం ఇంజక్షన్ అయితే రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. టీకాకు ముందు రోజుల్లో ఏ జీవానికి ఏ మందు పడిందో మీరు చెప్పకపోతే డాక్టరు కనిపెట్టలేడు. టీకా తర్వాత కూడా ఆయన్ని అడగకుండా ఆ సీసా ముట్టకండి.

ఇక చూలు. కట్టిన గొర్రెకు రెవ్-1 వేస్తే అదే ఈసుకుపోయేలా చేయవచ్చు. ఆ టీకా బాక్టీరియా ఉమ్మనీటిలో, పాలల్లో బయటికి రావచ్చు. అందుకే మూడు నుంచి ఆరు నెలల పిల్లలకు వేయడం మంచి పద్ధతి. పెద్దవాటికి ఎప్పుడు వేయాలన్నది డాక్టరు నిర్ణయం. ఆ నిర్ణయానికి ఆయనకు కావాల్సిన సమాచారం ఒకటే, పొట్టేలును మందలో వదిలిన తేదీ. అది దేవుడికి, మీకు తప్ప మూడో మనిషికి తెలియదు. ఒక నోట్‌బుక్ పెట్టండి. తెలుగులోనే రాయండి. పొట్టేలు వదిలిన రోజు, ఈనిన రోజు, ఈసుకుపోయిన రోజు, వేసిన మందు, టీకా సీసా మీది బ్యాచ్ నంబరు, వేసిన జీవాల చెవి ట్యాగులు. రాయడం రానివాళ్ళు సీసా ఫొటో తీసి, గొంతుతో వాట్సాప్‌లో తమకు తామే మెసేజ్ పెట్టుకోండి. తేదీ దానంతట అదే పడుతుంది.

ఆ నోట్‌బుక్ వల్ల ఇంకో మేలు. టీకా పడ్డ జీవం రక్తాన్ని రోజ్ బెంగాల్ పరీక్ష చేస్తే కొన్ని నెలల పాటు రోగం ఉన్నట్టే కనిపించవచ్చు, ఎందుకంటే యాంటీబాడీలు నిజంగానే పుట్టాయి. టీకా రికార్డు లేకపోతే మంచి గొర్రెను రోగమున్నదని తీసేస్తారు, అమ్మకం ఆగిపోతుంది. కంట్లో చుక్కగా వేస్తే ఈ యాంటీబాడీలు తొందరగా తగ్గుతాయి. అందుకే చాలా చోట్ల సూది బదులు చుక్క పద్ధతే వాడుతున్నారు.

ఆ ఒక్క చుక్క

చుక్క వేసే తీరు దగ్గర నుంచి చూద్దాం. పిల్లను మోకాళ్ళ మధ్య నొక్కిపెడతారు. ఎడమ చేత్తో దవడ కింద పట్టి తల పైకెత్తి, బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగుతారు. ఎర్రని లోపలి పొర తెరుచుకుంటుంది. అక్కడ ఒక్క చుక్క. రెప్ప వదిలి ఒకటి రెండు క్షణాలు తల పట్టి ఉంచితే మందు ఇంకుతుంది. ఆ క్షణం ఓపిక పట్టకపోతే పిల్ల తల విదిలిస్తుంది, చుక్క గాల్లోకి లేస్తుంది. మీ మొహం అక్కడికి జానెడు దూరంలో ఉంది.

ఆ చుక్కలో సుమారు వంద కోట్ల బతికున్న బాక్టీరియా ఉంటుంది. కళ్ళద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోకండి. వెల్డింగ్ వాళ్ళు గ్రైండింగ్‌కు పెట్టుకునే పారదర్శకమైన అద్దాలు ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి, అవి చాలు. గ్లవ్స్, నోటికి ముక్కుకు మాస్కు, పొడుగు చేతుల చొక్కా. పని మధ్యలో సిగరెట్, ఖర్జూరం, నీళ్ళు వద్దు. సూదితో వేస్తుంటే వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకండి. ఎక్కువమందికి గుచ్చుకునేది అప్పుడే. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి డాక్టరుకు అప్పజెప్పండి. ఖాళీ సీసాలూ అంతే. నీళ్ళు పట్టుకోవడానికి, ఉప్పు పోసుకోవడానికి దాచుకోకండి.

గుచ్చుకుందే అనుకోండి, లేదా కంట్లో పడింది. వెంటనే సబ్బుతో, ధారగా పోసిన నీళ్ళతో కడగండి. కంటికైతే నీళ్ళు మాత్రమే, చాలాసేపు. ఆ తర్వాత చేయాల్సింది చాలామంది చేయరు. టీకా సీసా మీది చీటీని ఫొటో తీసుకుని ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం వస్తే చూద్దాంలే అనుకోకూడదు, ఎందుకంటే జ్వరం వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత వస్తుంది. ముందే మందులు మొదలుపెట్టాలా లేదా అన్నది డాక్టరు తేలుస్తారు. చీటీ ఎందుకంటే, ఇందాక చెప్పిన ముక్క. రెవ్-1 సోకిన మనిషికి స్ట్రెప్టోమైసిన్ పనిచేయదు. ఆవులకు వాడే ఆర్‌బీ-51 అనే ఇంకో బలహీన రకం ఉంది, దాని మీద రిఫాంపిసిన్ పనిచేయదు. ఈ రెండు మందులూ బ్రూసెల్లా వైద్యంలో సాధారణంగా వాడేవే. ఏ టీకా గుచ్చుకుందో డాక్టరుకు తెలిస్తే సరైన మందు మొదటి రోజే పడుతుంది.

కొత్త జీవాలు

2017 జూన్‌లో సౌదీ సరిహద్దు మూతపడినప్పుడు, అక్కడ మేస్తున్న ఖతార్ యజమానుల ఒంటెలు, గొర్రెలు వేల సంఖ్యలో అబూ సమ్రా దాటి వెనక్కి వచ్చాయి. ఎండలో, దాహంతో, ఎవరి మంద ఎవరిదో తెలియనంతగా కలిసిపోయి వచ్చాయి. ప్రభుత్వం నీళ్ళు, మేత ఏర్పాటు చేసి తాత్కాలికంగా ఆశ్రయం ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద ఎత్తున అది అరుదు. చిన్న ఎత్తున ప్రతి బక్రీదుకు ముందు, ప్రతి సంతలో జరుగుతూనే ఉంటుంది. కఫీల్ ముచ్చటపడి నాలుగు నయీమీ గొర్రెలు కొని తెస్తాడు, సాయంత్రం మందలో వదిలేయమంటాడు.

టీకా పట్టడానికి వారాలు కావాలి. పట్టిన తర్వాత కూడా అది అన్ని జీవాలనూ నూటికి నూరుపాళ్ళు కాపాడదు. పక్కనే రోగమున్న గొర్రె ఈని దొడ్డంతా మాయ నీళ్ళతో తడిపితే టీకా పడ్డది కూడా ఓడిపోవచ్చు. కాబట్టి కొత్తవాటిని వేరే కంచెలో ఉంచండి, వాటి తొట్టి వేరు, వాటి తాడు వేరు. డాక్టరు రక్తం తీసి చూసేదాకా కలపకండి. ‘బాబా, రోగముంటే మన పాత మంద కూడా పోతుంది’ అని చెప్పండి. నష్టం లెక్క చెప్పినప్పుడు వినని యజమాని తక్కువ. నౌకరు చెప్పేదేమిటి అనుకునేవాళ్ళూ ఉంటారు, లేరని అనను. అప్పుడు డాక్టరు వచ్చిన రోజు, కఫీల్ అక్కడే ఉండగా, ఈ ప్రశ్న డాక్టరును అడగండి. డాక్టరు సూడాన్ ఆయనైనా, ఈజిప్టు ఆయనైనా, చూలు గొర్రెను చూపించి ‘హామిల్’ అనే పనివాణ్ణి, నోట్‌బుక్ తీసి తేదీ చూపించే పనివాణ్ణి మర్చిపోడు. తర్వాతిసారి వచ్చినప్పుడు కఫీల్ కంటే ముందు మిమ్మల్నే పలకరిస్తాడు.

జ్వరం వస్తే

పాలు కాచి తాగండి. ఒంటె పాలైనా, మేక పాలైనా పొంగు వచ్చేదాకా. పొదుగు నుంచి పిండి నురగతో ఇచ్చిన గిన్నెను అతిథి మర్యాదగా అందించినప్పుడు కాదనడం కష్టమే. కడుపులో బాగాలేదని చెప్పి తప్పుకోండి, ఆ అబద్ధానికి దోషం లేదు.

బ్రూసెల్లా జ్వరం ఒక్కసారిగా పడగొట్టదు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుంది, రాత్రి చెమటకు బనియను తడిసిపోతుంది, పొద్దున లేచి పనిలోకి వెళ్ళగలుగుతారు. నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. నడుము, కీళ్ళు పట్టేస్తాయి. కొందరికి ఒక వైపు వృషణం వాస్తుంది, సిగ్గుతో చెప్పరు. దిగులు పట్టుకుంటుంది, అది ఇంటి మీద బెంగ అనుకుంటారు. పనాడాల్ వేసుకుంటూ నెలలు గడిపేస్తారు. ఈ లోగా అది వెన్నెముకలోకో, గుండె కవాటాల్లోకో చేరితే వైద్యం చాలా కష్టమవుతుంది.

డాక్టరు దగ్గర ఒక్క వాక్యం చెప్పండి: ‘అనా షుగుల్ ఇజ్బా, గనం’, నేను గొర్రెల దగ్గర పనిచేస్తాను అని. ఆ మాటతో ఆయన ఆలోచన మారుతుంది, రక్త పరీక్ష రాస్తారు. దోహాలో హమద్ మెడికల్ కార్పొరేషన్‌కు అంటువ్యాధుల కోసం ప్రత్యేక కేంద్రమే ఉంది. మందులు మామూలుగా ఆరు వారాలు, రెండు రకాలు కలిపి. ఎక్కువగా అందులో ఒకటి డాక్సీసైక్లిన్. అది టెట్రాసైక్లిన్ కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో అక్కడే వెలుగు చూసింది. పదో రోజుకే జ్వరం పోతుంది, మాత్రలు ఆపేయాలనిపిస్తుంది. ఆపితే తిరగబెడుతుంది. ఆరు వారాలంటే ఆరు వారాలే.

సెలవు మీద ఊరికి వెళ్ళాక ఈ జ్వరం మొదలైతే కరీంనగర్‌లోనో కడపలోనో డాక్టరు ముందు టైఫాయిడ్ అనో, మలేరియా అనో అనుకుంటారు. అది వాళ్ళ తప్పు కాదు, ఊళ్ళో జ్వరాలు అవే కాబట్టి. ఖతార్‌లో గొర్రెల దగ్గర పనిచేశానని, ఈతలు చేతులతో చేశానని, టీకాలు వేశానని మీరే ముందుగా చెప్పండి. ఫోన్‌లో ఆ సీసా ఫొటో ఉంటే చూపించండి.